అడగనక్కరలేని నీళ్లు

ఆ దిమ్మను నేను మళ్లీ చూసేనాటికి దానికి వెండి కళ్లు అతికించి ఉన్నాయి. ఒళ్లంతా పసుపు, పసుపు మీద గంధం, గంధం మీద వేలెడు మందాన కుంకుమ. ఒకనాడు నీటి గొట్టం బయటికి వచ్చిన రంధ్రంలో ఇత్తడి నాగపడగ గుచ్చి ఉంది. చుట్టూ గుంజలు పాతి ఎర్రని తాడు కట్టారు. దూరంగా నిలబడి దర్శించుకోవలసిందనీ, ముట్టుకోరాదనీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన అట్ట ఆ తాడుకు వేలాడుతున్నది. మా మనవరాలు అన్విత కొత్త కారు కొనుక్కుని, వాహనపూజకు తాతయ్య పక్కన ఉండి తీరాలని పట్టుబట్టి, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంటి నుంచి నన్ను ఎక్కించుకుని, అరగంట దూరంలో కొత్తగా వెలిసిన ఆ చిన్న గుడికి తీసుకుపోయింది. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గాని ఆ రహదారిని ఆనవాలు పట్టలేకపోయాను. నేనెరిగిన నాడు అది ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు ఒరుసుకోకుండా తప్పుకోవడానికి చాలీచాలని బాట. రెండు పక్కలా మొక్కజొన్న చేలు. ఇప్పుడు దానికి అడ్డంగా నడిచి దాటాలంటే నా వయసువాడికి ఒక ఆకుపచ్చ దీపం చాలదు. కారు దిగి, తాడు దగ్గర నిలబడి, నమస్కారానికి చేతులెత్తబోతూ, ఆ దిమ్మ కుడిభుజాన చెక్కు లేచిన చోటు చూశాను. ఎత్తిన చేతులు అట్లాగే ఉండిపోయాయి.

“స్వయంభూ అట తాతయ్యా,” అన్నది అన్విత నా చెవి దగ్గర. “పార్కింగ్ లాట్ డిగ్ చేస్తుంటే వచ్చిందట. మార్గేశ్వర స్వామి. లాంగ్ డ్రైవ్ ముందు అందరూ ఇక్కడ స్టాప్ చేస్తారు. వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లేవాళ్లు కూడా.”

నిజం చెబితే ఆ పూట ఆ పిల్ల ముచ్చట పాడవుతుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కారు ముందుకు కదిలింది. అవి చితికి, పుల్లని వాసన పైకి లేచింది. పంతులుగారు హారతి కళ్లకద్దుకోమన్నారు, అద్దుకున్నాను. చూపు మాత్రం పళ్లెం మీదుగా ఆ దిమ్మ మీదనే ఉంది. ఆ కుంకుమ కింద ఏ అక్షరాలున్నాయో నాకు తెలుసు. వాటిలో పేరుకున్న నాచును మేకుతో గీకి తీసిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ గుండ్రని శిరస్సును ఏ దేవశిల్పీ మలచలేదనీ, భూమాత తనంత తాను పైకి నెట్టలేదనీ, ఓపల్ అనే ఒక ఇల్లాలు రొట్టెల పిండి కలుపుకునే లోతుపాటి గిన్నెలో ఆమె భర్త సిమెంటు పోసి తీసిన అచ్చు అనీ కూడా నాకు తెలుసు. ఆ గిన్నెకు అంటిన సిమెంటు ఎంత తోమినా పూర్తిగా వదలలేదని ఆమె తన జీవితకాలమంతా ఆయనను సాధించింది.

కావ్యపాఠం చెప్పి కుటుంబాన్ని పోషించిన తండ్రికి కొడుకుగా పుట్టి, యంత్రశాస్త్రం చదవడానికి ఈ దేశం వచ్చినవాణ్ణి నేను. నా పెట్టెలో రెండు పంచెలు, కర్పూరం వాసన పోని కొన్ని పుస్తకాలు, మా అమ్మ కట్టిచ్చిన కందిపొడి. ఆ వేసవిలో ఒక విడిభాగాల కర్మాగారంలో పని దొరికింది గాని దాని దరిదాపుల్లో తలదాచుకోవడానికి గది దొరకలేదు. కాగితం మీద ఖాళీగా ఉన్న ప్రతి గదీ నా మొహం చూసేసరికి అప్పుడే ఎవరికో ఇచ్చేసినదయ్యేది. తలుపు తీసినవాళ్లు చిరునవ్వుతోనే చెప్పేవాళ్లు. ఆ చిరునవ్వులన్నీ నాకిప్పటికీ జ్ఞాపకమే. వయసు మీరితే ఇటువంటివి మరుపున పడతాయన్నవాళ్లు నాకు అబద్ధం చెప్పారు. చివరికి కర్మాగారంలో నా పక్క యంత్రం మీద పనిచేసే నల్లజాతి మనిషి ఒకాయన, ఊరి బయట బాట మీద తమ జాతివారే అయిన ఎజ్రా గారి మోటారు కొట్టుందనీ, ఆ మేడ మీద గదులున్నాయనీ, అక్కడ నా మొహం ఎవరికీ అడ్డురాదనీ చెప్పి తన బండిలో దించి వెళ్లాడు.

ఆ ఇల్లు ముందుభాగం కొట్టు, వెనకభాగం సంసారం. మధ్యన ఉన్న తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది కనుక వంటింటి వాసనలు మోటార్లకూ మోటార్ల వాసనలు భోజనానికీ పట్టేవి. ఎజ్రా గారు గుర్రాలకు నాడాలు కొట్టే కొలిమిలో పని నేర్చుకుని, ఆ బాట మీద మోటార్లు అపురూపంగా తిరిగిన తొలిరోజుల్లోనే ఆ కొలిమిని మరమ్మతు కొట్టుగా మార్చుకున్న మనిషి. మిట్ట ఎక్కి వస్తున్న బండి చప్పుడు దూరాన వినగానే చేతిలో పని ఆపకుండానే దాని జబ్బు చెప్పేవారు. ఒక్కొక్కసారి తప్పు చెప్పేవారు, అప్పుడు ఆ బండినే తప్పుపట్టేవారు. సాయంత్రం పని ముగించాక మొదట కిరసనాయిలుతో, తరవాత గరుకు సబ్బుతో, చివర ఓపలమ్మ పిండి పక్కనపెట్టిన నిమ్మతొక్కలతో చేతులు తోముకునేవారు. ఆ మూడు వాసనలూ కలిస్తేనే నాకు పొద్దుగూకినట్టు. ఓపలమ్మ అన్నది నేను పెట్టుకున్న పేరు; ఇంటికి రాసే ఉత్తరాల్లో అట్లా రాయడం మొదలుపెట్టాను, నాలుకకు అదే నిలిచిపోయింది. ఆమె నన్ను ‘బేబీ’ అని పిలిచేది. నా పూర్తి పేరు సూర్యనారాయణ అని చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ప్రయత్నించి, నవ్వి, ఇంత పొడుగు పేరు ఆరేయడానికి మా పెరట్లో తీగ చాలదన్నది.

వాళ్ల వంటింట్లో పంది కొవ్వు కరగనిదే పొద్దు పొడవదు. మొదటి ఉదయం మెట్లు దిగి వస్తూ ఆ వాసనకు నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆమె నన్ను ఏమీ అడగలేదు, చూసింది, అంతే. మరునాటికి గోడకు కొత్త మేకు ఒకటి, దానికి కొత్త ఇనుప పెనం ఒకటి, పెనం పిడికి గుర్తుగా నీలిగుడ్డ ముక్క ఒకటి వచ్చాయి. అందులో మాంసం వేసినవాడి చెయ్యి విరుస్తానని భర్తకు చెప్పింది. అటుమీద ఆ పెనం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఎజ్రా గారు టోపీ తీసి దానికి వంగి దండం పెట్టేవారు.

“ఈ ఇంట్లో నాకన్నా దానికే మర్యాద ఎక్కువ,” అనేవారు. “నేను చచ్చిపోతే నన్ను కూడా ఒక మేకుకు తగిలించు, ఓపల్.”

ఆ ఇంటికి అతిథులు వచ్చేది బాట మీద నుంచే. దక్షిణాది నుంచి కార్లలో బయలుదేరిన నల్లజాతి కుటుంబాలు, ఏ కొట్టువాడు పెట్రోలు పోస్తాడో ఏ కొట్టువాడు ముఖాన తలుపు వేస్తాడో తెలియక, వెనక సీటు నిండా పెట్రోలు డబ్బాలు, నీళ్ల సీసాలు, చెప్పుల అట్టపెట్టెల్లో సర్దుకున్న భోజనం, పిల్లలు పడుకోవడానికి దిండ్లు నింపుకుని వచ్చేవారు. ఈనాడు మన పిల్లలు రోడ్డు ప్రయాణమంటే పాటల వరుస సిద్ధం చేసుకుంటారు. వాళ్లు ఆకలిదప్పులకూ అవమానాలకూ సిద్ధమై బయలుదేరేవారు. మీరెక్కడి నుంచి వచ్చారని ఓపలమ్మ ఎవరినీ అడిగేది కాదు. చివరిసారి ఎక్కడ కూర్చుని తిన్నారని అడిగేది. ఆ ప్రశ్నకు మగవాళ్లు నేలచూపులు చూసేవారు, ఆడవాళ్లు కొందరు ఏడ్చేవారు. చిక్కుడు గింజల కుండ పొయ్యి మీద సన్నగా ఉడుకుతూనే ఉండేది, ఎవరు ఎప్పుడు వచ్చినా.

ఇంక ఆ దిమ్మ. అది కొట్టు ముందర, బాట అంచున, నడుమెత్తున నిలబడి ఉండేది. లోపలి నుంచి ఇనుప గొట్టం, దానికి ఇత్తడి కుళాయి, కింద తొట్టి. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు ఎజ్రా గారు చూపుడువేలితో లోతుగా రాసిన అక్షరాలు ముందువైపు ఉండేవి. ఆ ఇంగ్లీషు మాటలకు నా తెలుగు ఇది: ‘నీళ్లు. అడగనక్కరలేదు.’ వాటి కింద రెండు పేర్లు, ఎజ్రా, ఓపల్. ఒక పాల లారీ వెనక్కి వస్తూ గుద్ది కుడిభుజాన పెచ్చు ఊడగొట్టింది. శనివారం శనివారం ఓపలమ్మ సోడా కలిపిన వేణ్ణీళ్లతో, గరుకు కుంచెతో దాన్ని తోమేది; ఆ ఇంట ఉన్నంతకాలం అక్షరాల్లో నాచు తీసే పని నాది. కాగిన రేడియేటర్లకు నీళ్లు కావలసిన తెల్లవాళ్లు కూడా అక్కడ ఆగేవారు. కొందరు ధన్యవాదాలు చెప్పేవారు. చాలామంది ఇంటివైపు తలైనా తిప్పకుండా పోసుకుని పోయేవారు. ఎజ్రా గారికి రెండూ ఒకటే. ఆయన కోరిక వాళ్లు కృతజ్ఞులు కావాలని కాదు, ఎవరూ అడుక్కునే పని పడకూడదని.

ఆ కోరిక ఎక్కడ పుట్టిందో ఒక సాయంత్రం నిమ్మతొక్కలతో చేతులు తోముకుంటూ చెప్పారు. పెళ్లయిన కొత్తలో వాళ్ల మొదటి కారులో ఉత్తరానికి వస్తుంటే ఎండకు రేడియేటరు కాగి ఆవిరి కక్కింది. రోడ్డు పక్క ఒక కొట్టువాడు చక్కగా వచ్చి, డబ్బు తీసుకుని, కారుకు కడుపు నిండా నీళ్లు పోశాడు. కడుపుతో ఉన్న ఓపల్ దిగి, తనకు ఒక గుక్క కావాలని అడిగింది. అతడు బాల్చీ నేల మీద గుమ్మరించి లోపలికి పోయాడు. ఆ బిడ్డ నిలవలేదు. తరవాత పిల్లలు కలగలేదు. ఆ నీళ్లకూ దానికీ సంబంధం లేదని డాక్టరు అన్నాడనీ, ఓపల్ మాత్రం ఆ డాక్టరు మాట ఏనాడూ నమ్మలేదనీ చెప్పి, ఆయన చేతులు తుడుచుకున్నారు.

అది వింటున్న నాకు మా మామ్మ చలివేంద్రం కళ్లముందు నిలిచింది. కాలవగట్టు మీది మా ఊళ్లో ఎండాకాలం రాగానే మా వీధి అరుగు ముందు తాటాకు పందిరి వేయించి, ఇసకలో కుండలు నిలబెట్టించి, వాటిలో వట్టివేళ్లు వేసి, మూతుల చుట్టూ తడిగుడ్డలు చుట్టించి, మామ్మ స్వయంగా పీట వేసుకుని కూర్చునేది. దాహం తీర్చే పుణ్యాత్మురాలని చుట్టుపక్కల పేరు. మా ఊరికి మొదటి బస్సు వచ్చిన ఏడు, దానికి సరిగ్గా మా పందిరి ముందుకు వచ్చేసరికి రేడియేటరు సలసల కాగేది. దాని డ్రైవరు పేరు దేవదానం. ఊరి అవతలి పేటవాడు. మా చుట్టుపక్కల మోటారు తోలడం వచ్చిన మనిషి అప్పటికి అతనొక్కడే. అతడు మూత విప్పి దూరంగా జరిగి నిలబడేవాడు. మామ్మ ఇత్తడి చెంబుతో నీళ్లు ముంచి, తానే వెళ్లి, ఆ చెంబు మూతిని రేడియేటరు మూతికి ఆనించి, ఆవిరి మొహాన కొడుతున్నా నిదానంగా పోసేది. ఆ తరవాత దేవదానానికి. అతని కోసం పందిరి రాటకు తాటాకు దోనె ఒకటి వేలాడగట్టి ఉండేది. ఆమె ఇవతలి కొసన పోస్తే అతడు అవతలి కొసన వంగి దోసిలి పట్టేవాడు. సగం మోచేతుల వెంట కారిపోయేది. ఇనుముకు అంటు లేదు, మనిషికి ఉంది. ఆ చెంబును అటుపైన ఆమె చింతపండుతో తోమించనైనా లేదు. బస్సు పవిత్రమైనదే గదా.

ఇది ఎజ్రా గారికి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. దోనెకు మాట తెలియక చేతులతో చూపించాను. ఆయన కాసేపు ఆ చేతుల ఆకారాన్నే చూశారు.

“అయితే అక్కడ కూడా మనిషికన్నా ముందు బండే తాగింది,” అన్నారు.

ఎగతాళిగా అనలేదు. సంతలో తప్పిపోయిన తన ఊరివాడు ఎదురైనట్టు అన్నారు. ఆ రాత్రి నా పెనంలో వేగిన బంగాళాదుంపలు తింటూ, గోడ మీద ఆ నీలిగుడ్డ కట్టిన పిడిని చూస్తూ, వేరుగా పెట్టడంలోనూ ఎంత తేడా ఉందో అనుకున్నాను. ఒకటి నేను తినాలని వేరుపెట్టినది. ఒకటి అతడు ముట్టకూడదని వేరుపెట్టినది. మా నాన్నగారి దగ్గర చదువుకున్న శాస్త్రాలలో శౌచం గురించి ఎన్నో పుటలుండేవి. ఈ తేడా ఒక్కచోట కూడా తగలలేదు. తగలలేదన్న కోపం నాకు ఆనాడు పుట్టింది. ఇప్పటికీ ఆరలేదు, ఆరాలని నేను కోరుకోవడమూ లేదు.

చదువు ముగిసి నేను వేరే ఊరు ఉద్యోగానికి వెళ్లాక ఎజ్రా గారు పోయారు. బాటను వెడల్పు చేసినప్పుడు కొట్టూ ఇల్లూ కూల్చి, ఆ రాళ్లూ రప్పలతోనే పల్లం పూడ్చారు. ఓపలమ్మ తన చెల్లెలి కూతురు లొరేన్ ఇంట్లో కన్నుమూసింది. దిమ్మ ఆ పూడికలోనే పోయిందనుకున్నాం. అంతకాలం మట్టికింద పడి ఉండి, బయటపడగానే మళ్లీ మునిగింది, ఈసారి గంధంలో.

వాహనపూజ నాడు ప్రసాదం పంచుతున్న మురళిని పక్కకు పిలిచాను. గుడి ట్రస్టు కార్యదర్శి, సాఫ్ట్‌వేరు ఉద్యోగి, సెలవు రోజులన్నీ ఆ గుడికే ధారపోస్తున్న మనిషి. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం వచ్చేది కాదు.

“మురళీ, అది లింగం కాదు నాయనా. నీళ్ల కుళాయి దిమ్మ,” అన్నాను.

“అంకుల్, మీరు పెద్దవారు, మీకు తెలియంది కాదు. కానీ బాబ్‌క్యాట్ మెషీన్ తగిలినా ఒక్క పెచ్చు రాలేదు తెలుసా?”

“రాలవలసిన పెచ్చు నేను రాకముందే రాలింది. పాల లారీ గుద్దింది. ఆ కుంకుమ కడిగించు, కింద రాత ఉంటుంది.”

అతడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “రాత ఉందని నాకు తెలుసు అంకుల్. మట్టిలోంచి తీసిన రోజే చూశాను. చదవలేదు. చదివితే తెలిసినట్టే కదా. హిస్టారికల్ అని ఒక్కసారి బయటికి పొక్కితే పార్కింగ్ పర్మిట్ హోల్డ్‌లో పెట్టేస్తారు, ఫేజ్ టూ మొత్తం ఆగిపోతుంది. నెక్స్ట్ సండే వెండి కవచం ఫిక్స్ చేస్తున్నాం, ఎపాక్సీ గ్లూతో. ఇంక ఎవ్వరికీ ఏ డౌటూ రాదు.”

రాయి దేవుడు కాకూడదని నేను ఏనాడూ అనలేదు. భావన గట్టిదైతే మట్టిముద్దలోనూ దేవుణ్ణి ఆవాహన చేయవచ్చునని నేర్చుకున్న ఇంట్లో పుట్టాను. ఇప్పటికీ ఉదయం సంధ్య వార్చనిదే కాఫీ ముట్టను. తెలియక కుంకుమ పూసిన వాళ్లమీద నాకేమీ కోపం లేదు. తెలిసి, చదవకుండా కళ్లు తిప్పుకుని, ఒక మనిషి పేరుమీద దేవుణ్ణి మూతగా పెట్టినవాణ్ణి మాత్రం అదే మొదటిసారి చూడటం. నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయదగినవి కావు. అతడు తలవంచుకుని విన్నాడు, అంకుల్, బీపీ పెరుగుతుంది అన్నాడు, లడ్డూ ఇచ్చాడు.

తిరుగుదారిలో నాలుగురోడ్ల కూడలిలో ఎర్రరంగు వేసిన పాత పెట్రోలు కొట్టొకటి కనిపిస్తే అన్వితను ఆపమన్నాను. ఊరివాళ్లు దాన్ని ముచ్చటగా బాగుచేయించి, అద్దం వెనక పాత పంపు నిలబెట్టి, టోపీ పెట్టుకుని నవ్వుతున్న బొమ్మ మనిషిని పంపు పక్కన నిలబెట్టారు. గోడకు కంచుపలక. ఈ బాట మీద మోటారు ప్రయాణికులకు ఆదరణ లభించిన మొట్టమొదటి చోటు ఇదేనని దానిమీద ఉంది. ఆ కొట్టు పేరు నేనెరుగుదును. అక్కడ నీళ్లడిగి లేదనిపించుకుని ఓపలమ్మ వంటింటికి వచ్చి పడిన వాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను. ఆదరణ అన్న మాట చూసి నేను అక్కడే, నడిరోడ్డు మీద, తెలుగులో గట్టిగా తిట్టాను. అన్విత నా భుజం పట్టుకుని కారులో కూర్చోబెట్టి, అప్పుడు అడిగింది, అసలేం జరిగిందని. ఇంటికి చేరేదాకా చెప్పాను. వాకిట్లో కారు ఆపి కూడా ఆ పిల్ల దిగలేదు. వాళ్లు కంచుతో కప్పారు, మనవాళ్లు వెండితో కప్పుతున్నారు, తేడా లోహంలోనే అన్నాను. ఆమె అప్పుడు దిగి, చక్రానికి అంటిన నిమ్మతొక్కను పుల్లతో గీకుతూ, మనం అక్కడికి మళ్లీ ఎప్పుడు వెళ్తున్నాం అన్నది.

లొరేన్‌కు ఫోను చేశాను. ఆమె నాకన్నా చిన్నది, అయినా వృద్ధురాలే. క్రిస్మస్‌కు ఆమె నాకూ ఉగాదికి నేను ఆమెకూ ఫోను చేసుకోవడం ఏళ్ల తరబడి అలవాటు. విషయమంతా విన్నది. “పేర్లు ఇంకా ఉన్నాయా?” అన్నది. పిల్లలు లేని ఆ దంపతులకు ఇల్లు పోయింది, కొట్టు పోయింది. వాళ్లు బతికిన బాట మీద వాళ్ల పేర్లు మిగిలిన చోటు అదొక్కటే. ఉన్నాయన్నాను. అయితే ఆ రాయి నాకు వద్దు, మీ వాళ్లు పూజించుకుంటే పూజించుకోనీ, పేర్లు అక్కడ ఉన్నాయని అందరికీ కనపడితే చాలునన్నది. అంత తక్కువ కోరినందుకు నాకు ఆమెమీద కూడా కోపం వచ్చింది.

కవచం అతికించే ఆదివారానికి ముందురోజు ఉదయం అన్విత మా ఇద్దరినీ తీసుకువెళ్లింది. నేను పంచె కట్టి, ఉత్తరీయం వేసుకుని, విభూతి పెట్టుకుని వెళ్లాను. లొరేన్ చేతికర్ర ఆనించి, అక్కడివాళ్లను చూసి తానే చెప్పులు విడిచి, తాడు దాకా వచ్చింది. చెయ్యి చాపబోతే ఒక వాలంటీరు పిల్ల ఎంతో మర్యాదగా, నవ్వుతూ, తాడుకు అవతలే ఉండమన్నది. లొరేన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చిరునవ్వు నేనెరిగినదే. ఆనాడు తలుపులు తీసి గదులు లేవన్న ప్రతి మొహంమీదా ఉన్నదే. ఇప్పుడది మా తెలుగుపిల్ల మొహాన, చదువూ సంస్కారమూ గల మొహాన, చక్కగా కుదురుకుని ఉంది.

పంతులుగారిని నీళ్లడిగాను. పొద్దుటి అభిషేకం ముగిసిందనీ, వెండి చెంబు లోపల పెట్టి తాళం వేశారనీ, ఏదైనా మురళిగారినే అడగాలనీ ఆయన నసిగారు. మురళి అటు పక్క కవచం విప్పి కొలతలు చూసుకుంటున్నాడు.

“అంకుల్, ప్లీజ్. ఇవాళ వద్దు,” అన్నాడు అక్కడి నుంచే.

గుడి గోడవారన పచ్చగడ్డికి నీళ్లు పట్టే రబ్బరు గొట్టం చుట్ట కనిపించింది. వెళ్లి దాని కొస పట్టుకుని లాగాను. నాగపడగ ఊడదీసి పక్కన పెట్టాను. వెండి కళ్లు కూడా తీసి పళ్లెంలో పెట్టాను, అవి ఎవరి భక్తితో కొన్నవో నాకు తెలియదు గనుక. నన్ను ఎవరూ పట్టి ఆపలేదు. ఎందుకు ఆపలేదో కూడా చెప్పాలి. నా ఒంటిమీది జంధ్యం చూసి, నా నోట సహజంగా వస్తున్న నమకం విని, వాళ్ల కాళ్లు కదల్లేదు. అదే పని లొరేన్ చేయబోయి ఉంటే పోలీసులు వచ్చి ఉండేవారు. ఆ జంధ్యానికి ఇన్నేళ్లకు ఒక పని దొరికిందనుకుని, తాడు పైకెత్తి ఆమెను లోపలికి రమ్మన్నాను.

“తాతయ్యా, ఫుల్‌గా తిప్పనా?” అన్నది అన్విత కుళాయి దగ్గర నుంచి.

“తిప్పు.”

మొదట ఎర్రగా, తరవాత పచ్చగా, తరవాత మట్టిరంగులో కారింది. కొట్టిన కొబ్బరికాయల పీచు ఏరుకుని నేను తోమాను. లొరేన్ కర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని, తన జడపిన్ను తీసి అక్షరాల్లో బిగిసిన కుంకుమను తవ్వింది. తను చిన్నపిల్లగా శనివారాలు ఆ ఇంటికి వచ్చినప్పుడు ఆమెదీ నాదీ అదే పని. వాలంటీరు పిల్ల కాసేపు నిలబడి చూసి, చివరికి తానూ ఒక పీచు తీసుకుంది. ఓపలమ్మ గిన్నె అచ్చు దిగిన నెత్తి బూడిదరంగున బయటపడింది. ముందు ‘ఓపల్’ వచ్చింది. ఎజ్రా గారు భార్యపేరు తనపేరు కన్నా లోతుగా రాశారని ఆనాడు ఎన్నిసార్లు నాచు గీకినా నేను గమనించలేదు. లొరేన్ వేలు ఆ గాడిలో పెట్టి, చివరిదాకా నడిపి, మళ్లీ మొదటికి తెచ్చింది. పైన ఉన్న మాటలు కూడా తేలాయి.

మురళి వచ్చి నా వెనక నిలబడ్డాడు. బూట్లు తడుస్తున్నా జరగలేదు. కోపం లేదతని గొంతులో. నొచ్చుకున్న మనిషి గొంతు అది.

“ఒక్క మాట అడగాల్సింది అంకుల్,” అన్నాడు.

అతడు చదువుకోవడానికి వీలుగా, గొట్టం చేతిలోనే పట్టుకుని పక్కకు జరిగాను.